లెవెన్‌వర్త్ లైట్లకి డిసెంబర్ శనివారమే కావాలా తమ్ముడూ?

తమ్ముడూ, సియాటిల్‌కి తూర్పున కొండల్లో ఉన్న లెవెన్‌వర్త్ ఊళ్ళో క్రిస్మస్ లైట్లు చూడ్డానికి మీ ఆవిడతో వెళ్దామని రూమ్ చూశానని రాశావ్. ముందు ఆ బుకింగ్ పేజీ మూసెయ్. డిసెంబర్ రెండో శనివారం, రెండు రాత్రులు కంపల్సరీ, రాత్రికి 480 డాలర్లు, ట్యాక్స్ వేరే, పైగా నాన్ రిఫండబుల్. నువ్వొచ్చి ఆరు నెలలు కూడా కాలేదంటున్నావ్, ఇంకా డాలర్ కనపడగానే రూపాయల్లోకి మార్చుకునే రోజులే కదా, ఒకసారి మార్చి చూడు, రాత్రికి నలభై వేల పైమాటే. ఆ అలవాటు పోగొట్టుకో అని ఆఫీసులో అందరూ చెప్తారు, వాళ్ళ మాట వినకు. నేను ఇన్నేళ్ళయినా పోగొట్టుకోలేదు, సియాటిల్ పక్కన సమామిష్‌లో ఇల్లు కొనగలిగామంటే ఆ అలవాటు పుణ్యమే అని మా ఆవిడతో ఇప్పటికీ వాదిస్తుంటా, ఆవిడ ఒప్పుకోదు అది వేరే సంగతి.

లైట్లు చూడొద్దని కాదు. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఎవరైనా మొదటి చలికాలం లెవెన్‌వర్త్ వెళ్ళి పార్కులో ఉండే ఆ గెజిబో మండపం ముందు ఫోటో దిగకుండా ఉండరు, నువ్వూ దిగు, మీ ఆవిడా దిగుతుంది, ఊళ్ళో వాళ్ళందరికీ పంపిస్తారు. కానీ మనవాళ్ళు చాలామంది గమనించని ముక్క ఒకటుంది. ఆ లైట్లు క్రిస్మస్ అయిపోగానే పీకెయ్యరు. నవంబర్ చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ నుంచి మొదలెడితే ఫిబ్రవరి నెలాఖరుదాకా రోజూ చీకటి పడగానే వెలుగుతాయి. నువ్వు 480 ఇచ్చేది లైట్లకి కాదు, ఆ శనివారానికి.

అసలా ఊరి సంగతి తెలిస్తే నీకే అర్థమవుతుంది. రెండున్నర వేల జనాభా కూడా లేని ఊరు. ఒకప్పుడు రైల్వే మీదా కలప మిల్లు మీదా బతికింది. 1920ల్లో రైల్వే వాళ్ళు డివిజన్ ఆఫీసు పక్కూరు వెనాచీకి మార్చుకుపోయారు, మిల్లూ మూతపడింది, ఊరు దాదాపు ఖాళీ అయిపోయే స్థితికొచ్చింది. అప్పుడు 1960ల్లో ఊళ్ళో వాళ్ళంతా కూర్చుని, చుట్టూ కొండలున్నాయి కదా, మనూరిని జర్మనీలో బవేరియా ఊరిలా మార్చేద్దాం అనుకున్నారు. మార్చేశారు కూడా. ఇప్పుడక్కడ బిల్డింగ్ కట్టాలన్నా బోర్డు పెట్టాలన్నా ఆ స్టైల్లోనే ఉండాలని రూలు, మెక్‌డొనాల్డ్స్ బోర్డు కూడా అదే వేషంలో ఉంటుంది. 1964లో ఆటమ్ లీఫ్ ఫెస్టివల్ మొదలెట్టారు, తర్వాత ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయారు, మేలో మేఫెస్ట్, అక్టోబర్‌లో అక్టోబర్‌ఫెస్ట్, చలికాలం లైట్లు. ఆ ఊరికి పండగే పంట. వాళ్ళని తప్పు పట్టను, మెచ్చుకుంటా కూడా, కాకపోతే పంట కోతకొచ్చిన రోజే మనం వెళ్ళి నిలబడితే కోసేది మన జేబునే.

మేం అలాగే వెళ్ళి నిలబడ్డాం. అప్పటికి మేం బెల్‌వ్యూలో సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం, సెకండ్ హ్యాండ్ కరోలా, మా ఆవిడకి ఇంకా వర్క్ పర్మిట్ లేదు. ఆఫీసులో ఇంకో తెలుగాయనా వాళ్ళ ఫ్యామిలీ, మేమూ కలిసి డిసెంబర్ శనివారానికి ఒకే ఒక్క రూమ్ తీసుకున్నాం, ఎంతమందిమో సరిగ్గా చెప్పకుండా, అది మన తెలివి. క్యాన్సిల్ చేసుకునే రేటుకీ, క్యాన్సిల్ కుదరని రేటుకీ తేడా ముప్పై డాలర్లు, ఆ ముప్పై మిగిలింది అని నేనే మురిసిపోతూ చవకదాని మీద టిక్ పెట్టా. పొద్దున పులిహోర కలిపి, ఇద్దరి ఇళ్ళ సామానూ సర్దుకుని, పిల్లలకి డ్రస్సులేసి బయటపడేసరికి పదకొండు. దారిలో మన్రో దాటాక సుల్తాన్ అనే ఊరి దగ్గర నుంచి యూఎస్ 2 హైవే మీద కార్లు కదలవు, అటూ ఇటూ ఒక్కొక్క లేనే ఉంటుంది అక్కడ, సియాటిల్ మొత్తం ఆ ఒక్క రోడ్డులోకే దూరుతుంది. గోల్డ్ బార్ వచ్చేసరికి మంచు మొదలైంది, పిల్లలు కేకలు, మేమూ కేకలు, వీడియోలు. ఇంకొంచెం పైకెళ్ళాక చెయిన్లు తప్పనిసరి అని బోర్డు వెలుగుతోంది.

చెయిన్లు అంటే మంచులో జారకుండా టైర్లకి చుట్టే గొలుసులు, అప్పటికి నాకు తెలీదు. వెనక్కి తిప్పుకుని ఓ గ్యాస్ స్టేషన్‌లో అడిగితే ఉన్నాయన్నారు, రేటు మామూలు షాపులో కంటే డబల్, సరే అని కొన్నా. టైరు సైజు చూసుకుని కొనాలని ఎవడికి తెలుసు? ఆ మంచులో పడుకుని ఇద్దరం తిప్పలు పడ్డాం, అవి మా టైరుకి పట్టవు, తీసుకెళ్ళి ఇస్తే ప్యాకెట్ చింపారు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు. ఈలోపు పైన ఏదో యాక్సిడెంట్ అయ్యి స్టీవెన్స్ పాస్, అంటే కొండ దాటే దారి, మూసేశారు. హోటల్‌కి ఫోన్ చేసి రోడ్డు మూశారండీ రాలేం అంటే, మా హోటల్ తెరిచే ఉంది కదండీ అంది ఆవిడ, చాలా మర్యాదగా. ఆవిడ తప్పేం లేదు, నేను టిక్ పెట్టిన దాన్లో అంతా రాసే ఉంది. కారులో కూర్చునే పులిహోర తిన్నాం, లైట్లు చూడకుండానే ఇంటికొచ్చాం. ఆ సాయంత్రం నేను లెక్క రాశా, రూమ్, చెయిన్లు, గ్యాస్, పిల్లలకి కొన్న బూట్లు అన్నీ కలిపి ఆ నెల ఇంటికి పంపాల్సిన దాంట్లో సగం పోయింది. మా నాన్నగారికి పండక్కి కొంచెం తక్కువ పంపిస్తున్నానని చెప్పా, ఎందుకో మాత్రం చెప్పలేదు.

మళ్ళీ జనవరిలో వెళ్ళాం. సంక్రాంతి వారం, మంగళవారం, ఆఫీసుకి లీవ్ పెట్టి. అదే ఊరు, అవే లైట్లు, మంచు ఇంకా ఎక్కువ, రూమ్ రేటు మూడో వంతుకి దగ్గర్లో, పైగా క్యాన్సిల్ చేసుకునే రకం. ఫ్రంట్ స్ట్రీట్ పార్కులో చిన్న గుట్ట ఉంటుంది, పిల్లలు స్లెడ్ మీద జారుతుంటే టికెట్ అడిగేవాడు లేడు. డిసెంబర్ శనివారమైతే అక్కడ మోచేతులు తగలకుండా నడవలేవు. మా ఆవిడ ఇంట్లోంచి తెచ్చిన అరిసెలు పంచింది, పక్కనున్న ఓ ముసలాయన రెండు తిన్నాడు.

అందుకని నా మాట విను, ముందు పండగ డేట్ చూసి దానికి రూమ్ వెతక్కు. ముందు రూమూ రోడ్డూ ఎప్పుడు చవకో చూడు, పండగ దానికదే అందులో పడుతుంది. లైట్లకైతే జనవరి, ఫిబ్రవరి, వారం మధ్యలో. ఒక్కటే చూసుకో, జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ డే, ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే, ఆ లాంగ్ వీకెండ్లు రెండూ మళ్ళీ డిసెంబర్ రేట్లే. మన సంక్రాంతి ఒక్కోసారి ఆ మొదటిదానికి ఆనుకునే వస్తుంది, సంక్రాంతి కదా అని శని ఆది పెట్టుకుంటే మళ్ళీ మొదటికే.

డిసెంబరే కావాలని మీ ఆవిడ పట్టుబడితే (పడుతుంది, స్నేహితురాళ్ళ ఫోటోలు వచ్చేది అప్పుడే) సోమవారం నుంచి గురువారం లోపల ఒక రోజు పెట్టుకో. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుంపావుకే పొద్దుగుంకుతుంది కాబట్టి పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చేరి, లైట్లు చూసుకుని, ఏడింటికల్లా వెనక్కి తిరిగితే రూమే అక్కర్లేదు. కాకపోతే రాత్రిపూట మంచులో కొండ దిగాలి, ఇక్కడి రోడ్ల మీద ఇది నీకు మొదటి చలికాలం, వాతావరణం పొడిగా ఉన్నరోజైతేనే అలా చెయ్యి. లేదంటే వెనాచీలో ఉండు, ఊరికి అరగంట దూరం, మామూలు హోటళ్ళు, మామూలు రేట్లు.

వెనాచీలో కూడా ఒక తిరకాసు ఉంది. ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో అక్కడ యాపిల్ బ్లాసమ్ ఫెస్టివల్, వందేళ్ళ కిందటి నుంచీ ఉంది, పెద్ద పరేడ్ అవుతుంది, ఆ వారం వెనాచీ రూములు కూడా నిండిపోతాయి. మీ అమ్మానాన్నగారు ఏప్రిల్‌లో వస్తున్నారన్నావ్ కదా, వాళ్ళకి నిజానికి మే నెల బావుంటుంది, మంచు కరిగి నది నిండుగా పారుతుంది, పూలుంటాయి, చలి తట్టుకోగలరు. మేఫెస్ట్‌లో ఆడపిల్లలు స్తంభం చుట్టూ రిబ్బన్లు అల్లుతూ ఆడతారు, మీ అమ్మగారు చూడగానే ఇది మన జడ కోలాటం కదా అంటారు, మా అత్తగారు అదే అన్నారు. అది మదర్స్ డే దగ్గర్లో వస్తుంది, శనివారం పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్, రాత్రి ఉండక్కర్లేదు.

ఆటమ్ లీఫ్ ఫెస్టివల్ సెప్టెంబర్ నెలాఖరున. పేరు చూసి ఎర్రాకుల కోసం వెళ్తారు, పరేడ్ బావుంటుంది గానీ ఊరి పక్కనున్న టమ్‌వాటర్ కాన్యన్ లోయలో రంగులు బాగా తిరిగేది అక్టోబర్ మధ్యకి. ఆకులు చూడాలంటే అప్పుడెళ్ళు, వారం మధ్యలో. అక్టోబర్ శనివారాలు మాత్రం అక్టోబర్‌ఫెస్ట్ జనం, బీరు తాగేవాళ్ళకి బావుంటుంది, మీరిద్దరూ తాగరన్నావ్, మరి ఎంట్రీ టికెట్ కొని లోపల ఏం చేస్తారు?

రోడ్డు గురించి రెండు ముక్కలు. స్టీవెన్స్ పాస్ 4,061 అడుగులు. అది మూస్తే ఐ-90 మీద స్నోక్వాల్మీ దాటి యూఎస్ 97 మీంచి వెళ్ళొచ్చు గానీ అక్కడ బ్లూయెట్ పాస్ 4,102 అడుగులు, అదీ తక్కువేం కాదు. చెయిన్లు తప్పనిసరి అన్నప్పుడు వెయ్యకపోతే 500 డాలర్లదాకా ఫైన్. ఆల్ వీల్ డ్రైవ్ అయితే మామూలుగా వెయ్యక్కర్లేదు, కానీ చెయిన్లు కారులో ఉండాలి. రూల్సూ రోడ్డు స్థితీ అన్నీ స్టేట్ వాళ్ళ యాప్‌లో ఉంటాయి, బయల్దేరే ముందు చూసుకో, డ్రైవింగ్ లైసెన్స్ సంగతి స్టేట్ లైసెన్సింగ్ వాళ్ళ సైట్‌లో చూడు, అవన్నీ నేను టైప్ చెయ్యను. రెంటల్ కారైతే చాలామంది చెయిన్లు వెయ్యనివ్వరు, అగ్రిమెంట్ చదువు. చెయిన్లు అక్టోబర్‌లోనే కొనుక్కో, ఇంటి ముందు ఎండలో ఒకసారి వేసి తీసి చూడు, పక్కింటివాళ్ళు నవ్వితే నవ్వనీ.

రైలుందట కదా అన్నావ్. ఉంది, ఆమ్‌ట్రాక్ ఎంపైర్ బిల్డర్, చికాగో పోయే బండి. సియాటిల్‌లో సాయంత్రం ఎక్కితే రాత్రి ఎనిమిది ప్రాంతంలో దింపుతుంది, ఊరికి ఓ మైలు దూరంలో స్టేషన్. తిరుగు బండి తెల్లవారుజామున, అదీ చికాగో నుంచి రావాలి కాబట్టి ఎంత లేటో చెప్పలేం. అంటే లైట్లు చూసి అదే రాత్రి ఇంటికి రావడం కుదరదు, కనీసం ఒక రాత్రి రూమ్, బావుంటే రెండు. డ్రైవింగ్ అంటే భయమైతే ఓకే, డబ్బు మిగులుద్దని మాత్రం అనుకోకు.

తిండి ఇంటి నుంచి పట్టుకెళ్ళు. అక్కడ ఎటు చూసినా సాసేజ్, అది ఎక్కువగా పంది మాంసం. వెజిటేరియన్‌కి ప్రెట్జెల్, బంగాళదుంప అట్లు, చీజ్ నూడుల్స్ లాంటి స్పెట్జిల్ దొరుకుతాయి, ఒకసారి తినడానికి బానే ఉంటాయి, నలుగురికి రెండు పూటలంటే ఓ వారం ఇండియన్ స్టోర్ బిల్లు అంత అవుతుంది. పులిహోర, దద్దోజనం, కూలర్‌లో పెరుగు. వేడి నీళ్ళు ఫ్లాస్కులో. స్లెడ్ ఇక్కడే కొనుక్కెళ్ళు. పార్కింగ్ ఎక్కువగా పెయిడ్ లాట్లలోనే, పండగ శనివారం పొద్దున్నే నిండిపోతాయి, ఊళ్ళో నాలుగు రౌండ్లు కొట్టి విసుగొచ్చి ఎక్కడో బోర్డు చదవకుండా పెట్టావంటే టో చేస్తారు, టో బిల్లు ముందు హోటల్ బిల్లే నయమనిపిస్తుంది. నట్‌క్రాకర్ మ్యూజియం ఉంది, వేల రకాల బొమ్మలు, టికెట్ పెద్ద ఖరీదేం కాదు, చలేస్తే దాన్లోకి దూరండి.

ఇక మీ ఆవిడకి ఇక్కడ తోచట్లేదు, పండగలప్పుడు మరీ దిగులుగా ఉంటోంది, నలుగురున్న చోటికి తీసుకెళ్తే బాగుంటుందని ఈ ట్రిప్ అనుకున్నా అని చివర్లో రాశావ్. అర్థమైంది. మా ఆవిడా అలాగే ఉండేది. తెలియని జనం మధ్య నిలబడితే దిగులు తగ్గుతుందా అంటే నాకు డౌటే, మన ఇంకో ఫ్యామిలీతో కలిసి వెళ్ళండి, కబుర్లుంటాయి, గ్యాస్ ఖర్చూ సగం. రెండు రూములు తీసుకోండి మళ్ళీ, మనుషుల్ని దాచే పనులొద్దు, కెమెరాలుంటాయి, ఎక్స్‌ట్రా చార్జ్ వేస్తారు.

నీ కారేంటో రాయలేదు. టైరు పక్కన 205/65 ఆర్ 16 లాంటి నంబర్ ఉంటుంది, అది చూసి చెప్పు, నా గరాజ్‌లో క్యామ్రీకి కొన్న చెయిన్లు ఉన్నాయి, ఆ కారు అమ్మేశా. సరిపోతే వచ్చి పట్టుకెళ్ళు, తిరిగొచ్చాక మంచి నీళ్ళతో కడిగి ఆరబెట్టి ఇవ్వాలి, తుప్పు పట్టిస్తే మాత్రం కొత్తవి కొనివ్వాలి.