అతిథులను స్లైడ్లతో కాదు, ఒక నిర్ణయంతో రమ్మనండి

మీరు అడిగింది ఇదీ: డిజైన్ కాలేజీలో సస్టెయినబుల్ డిజైన్ కోర్సు చెబుతున్నారు. పాఠాలతో పిల్లలకు పట్టు రావడం లేదని ఒక సెమిస్టర్‌లో వృత్తిలో ఉన్న ఐదుగురిని పిలిపించి మాట్లాడించారు. పిల్లలు శ్రద్ధగా విన్నారు, బాగుందన్నారు. చివర్లో వాళ్లు గీసిన డిజైన్లలో మాత్రం ఏ మార్పూ లేదు. పనిచేస్తున్నవాళ్ల అనుభవాన్ని పాఠంగా మార్చడం ఎలా?

నేను ఆర్కిటెక్ట్‌ని. 19 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. చివరి 8 ఏళ్లుగా వారానికి రెండు రోజులు మూడో సంవత్సరం స్టూడియో, అంటే పిల్లలు డిజైన్లు గీస్తూ నేర్చుకునే క్లాసు, కూడా చెబుతున్నాను. మీకు ఎదురైనదే నాకూ మొదటి రెండేళ్లు ఎదురైంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో నేను పిలిచినవాళ్లంతా పేరున్నవాళ్లే. మీ మంచి ప్రాజెక్టు ఒకటి చూపించండి అని అడిగేదాన్ని. వాళ్లు అందమైన ఫొటోలు, చివర్లో గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ సర్టిఫికెట్ చూపించి వెళ్లేవారు. దాంతో పిల్లలకు సస్టెయినబుల్ బిల్డింగ్ చూడటానికి ఎలా ఉంటుందో తెలిసింది. అది అలా ఎలా తయారైందో తెలియలేదు. వాళ్ల షీట్ల మీద టెర్రస్ నిండా మొక్కలు, పైన సోలార్ ప్యానెళ్లు, కిటికీలోంచి దూరి ఇంకో కిటికీలోంచి వెళ్లే నీలిరంగు బాణాలు ప్రత్యక్షమయ్యాయి. రేపటి తరాల అవసరాలకు అడ్డు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం అని సస్టెయినబుల్ అభివృద్ధికి 1987లో ఐక్యరాజ్యసమితి బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనం అందరికీ నోటికి వచ్చు. ఈ కిటికీ పడమటి గోడకే ఎందుకు పెట్టావని అడిగితే మాత్రం జవాబు లేదు.

మూడో ఏడాది ఒక సీనియర్ ఆర్కిటెక్ట్ వచ్చారు. ఆవిడ స్లైడ్లు తేలేదు. పేర్లన్నీ చెరిపేసిన ఒక పాత ఫైలు తెచ్చారు. అందులో ఒక ఆఫీసు బిల్డింగ్ పడమటి ముఖం డ్రాయింగ్, టెండర్ ధరలు, ఖర్చు తగ్గించడానికి పెట్టిన మీటింగ్ మినిట్స్ ఉన్నాయి. ధరలు బడ్జెట్ దాటాయి. కోత జాబితాలో మొదటి వరసలో గాజు బయట పెట్టాల్సిన నిలువు సన్‌షేడ్లు ఉన్నాయి. ఆవిడ అక్కడ ఆపి, "నేను క్లయింట్‌ని. ఇవి తీసేస్తే డబ్బు మిగులుతుంది. ఉంచాలంటారా? ఎందుకో చెప్పండి," అన్నారు.

క్లాసు అంతా ఒక్కసారిగా మొదలుపెట్టింది. భూమి, వాతావరణం, భవిష్యత్ తరాలు. "అవన్నీ నాకూ ముఖ్యమే. డబ్బు ఇంకెక్కడ తగ్గించాలో చెప్పండి," అన్నారావిడ. గది నిశ్శబ్దమైపోయింది. దాదాపు ఇరవై నిమిషాలు తడబడ్డాక వెనక వరసలోని ఒక అమ్మాయి, "మేడమ్, ఏసీ మెషిన్ల సైజు ఎప్పుడు ఖరారు చేశారు?" అని అడిగింది.

అసలు విషయం అదే. బయట నీడ తీసేస్తే లోపలికొచ్చే వేడి పెరుగుతుంది, ఏసీ సామర్థ్యమూ పెరగాలి. ఒక పట్టికలో మిగిలిన డబ్బు ఇంకో పట్టికలో ఖర్చవుతుంది. ఆ రెండు పట్టికలూ ఇద్దరు వేర్వేరు కన్సల్టెంట్ల దగ్గర ఉంటాయి, ఒకే టేబుల్ మీదికి రావు. ఆవిడ ఆ అమ్మాయి వైపు చూసి, "ఆ రోజు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు," అన్నారు. తర్వాతి కాగితం తీశారు. షేడ్లకు బదులు లోపల బ్లైండ్లు వేశారు. ఎండ గాజు దాటాక బ్లైండ్ దాన్ని ఆపినా, వేడి చాలావరకు అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. ఆ వైపు కూర్చున్నవాళ్లు మధ్యాహ్నం నుంచి బ్లైండ్లు దించేసి, పట్టపగలు లైట్లు వేసుకుని పనిచేస్తున్నారు.

ఆ సెమిస్టర్ జ్యూరీలో, అంటే పిల్లలు తమ డిజైన్లను పరీక్షకుల ముందు వివరించే రోజున, సగం మంది పిల్లలు అడగకుండానే పడమటి గోడ గురించి మాట్లాడారు. ఏ లెక్చరూ చేయలేని పని ఆ ఫైలు ఎందుకు చేయగలిగిందా అని నేను చాలా రోజులు ఆలోచించాను. వృత్తిలో ఉన్నవాళ్లకు తెలిసినదంతా మాటల్లో ఉండదు, చాలావరకు పని చేస్తుండగానే బయటపడుతుంది అని వృత్తి నిపుణులు ఎలా ఆలోచిస్తారో పరిశోధించిన డొనాల్డ్ షోన్ 1983లోనే వివరంగా రాశారు. స్లైడ్లలో ఉండేది పూర్తయిన పని. పని జరుగుతున్న ఘడియ ఆ ఫైల్లో ఉంది. ముగింపు తెలియకముందే పిల్లలను ఆ ఘడియలో నిలబెట్టారావిడ.

అప్పటి నుంచి అతిథులను నేను అడిగేది ఒక్కటే: ప్రాజెక్టు వద్దు, ఒక్క నిర్ణయం తీసుకురండి. ఆ నిర్ణయానికి ముందున్న డ్రాయింగ్, తర్వాతి డ్రాయింగ్, మధ్యలో నడిచిన ఉత్తరాలో మినిట్సో ఉండాలి. వాడకంలోకి వచ్చాక ఏం జరిగిందో వాళ్లకు తెలిసి ఉండాలి. గెలిచిన నిర్ణయమా, ఓడిన నిర్ణయమా అన్నది నాకు ముఖ్యం కాదు, కానీ ఓడినవే ఎక్కువ నేర్పుతాయని నా అనుభవం. క్లయింట్ అనుమతి తీసుకోమని, పేర్లు తీసేయమని ముందే చెబుతాను. క్లాసుకు వారం ముందు నేనూ అతిథీ ఓ గంట కూర్చుని, కథ ఎక్కడ ఆపాలో తేల్చుకుంటాం. ఆ గంట దయచేసి మానకండి. ఎక్కడ ఆపాలో తెలియకపోతే ఎంత అనుభవజ్ఞులైనా ముగింపు ముందే చెప్పేస్తారు.

ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్ తెచ్చిన నిర్ణయమైతే ఒకే ఒక్క అంకె. మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు తయారీ వాటా సుమారు 7 నుంచి 8 శాతం. అందులో సగానికి పైగా బట్టీలో కాల్చిన ఇంధనం నుంచి వచ్చింది కాదు. సున్నపురాయి వేడికి విడిపోయినప్పుడు ఆ రాయిలోంచే వస్తుంది. కాబట్టి బట్టీని ఎంత శుభ్రమైన ఇంధనంతో నడిపినా ఆ భాగం పోదు, అలా కాల్చగా వచ్చే, సిమెంటుకు మూలమైన క్లింకర్ వాడకమే తగ్గాలి. ఆయన పునాదుల్లో సగం సిమెంటుకు బదులు ఉక్కు ఫ్యాక్టరీలో మిగిలే స్లాగ్ పొడి వేయాలనుకున్నారు. స్లాగ్ కలిపిన కాంక్రీటు చివరికి మంచి బలాన్నే ఇస్తుంది కానీ నెమ్మదిగా పుంజుకుంటుంది. స్పెసిఫికేషన్‌లో మాత్రం అలవాటు ప్రకారం 28 రోజుల బలం అని, అంటే పోసిన 28 రోజులకల్లా కాంక్రీటుకు ఆ బలం రావాలని ఉంది. ఆ గడువుకు అందుకోవాలని కాంట్రాక్టర్ సిమెంటు పెంచేశాడు. స్లాగ్ వల్ల కలగాల్సిన లాభం చాలావరకు పోయింది.

ఆయన అక్కడ ఆపి పిల్లలను అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ ఇష్టం: "ఈ పునాది మీద పూర్తి బరువు ఏ రోజు పడుతుంది?" పైన అంతస్తులన్నీ లేచాక, అంటే ఎన్నో నెలల తర్వాత. మరి 28 రోజులే ఎందుకు? 56 రోజులని రాస్తే ఏమవుతుంది? పిల్లలు ఉత్సాహంగా బిల్డింగ్ మొత్తానికి 56 అని రాసేశారు. అప్పుడాయన స్లాబు చూపించారు. స్లాబు కింది సెంట్రింగ్ త్వరగా విప్పకపోతే పై అంతస్తు పని ఆగిపోతుంది, అక్కడ తొందరగా వచ్చే బలం నిజంగానే కావాలి. ఒకే బిల్డింగ్‌లో పునాదికి సరిపోయిన అంకె స్లాబుకు సరిపోలేదు. నేను పదేళ్లకు పైగా ప్రాక్టీసు చేసి కూడా ఆ గడిలో ఎప్పుడూ 28 తప్ప వేరే అంకె రాయలేదు. ఆ క్లాసు తర్వాత రాశాను.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థకు లైబ్రరీ డిజైన్ చేశాను. పైకప్పు దగ్గర వెంటిలేటర్లు పెట్టాను. వేడి గాలి పైకి లేచి వాటిలోంచి పోవాలి, కింది కిటికీల నుంచి చల్లగాలి రావాలి. లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. కొక్కెం ఉన్న పొడవాటి కర్రతో వాటిని తెరవాలి. రెండేళ్ల తర్వాత స్టూడియో పిల్లలను అక్కడికి తీసుకెళ్తే వెంటిలేటర్లన్నీ మూసే ఉన్నాయి. కింద వరసగా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మెయింటెనెన్స్ చూసే ఆయన్ని అడిగితే, కర్ర మొదటి ఏడాదే పోయిందన్నారు. "అది ఎక్కడ పెట్టాలో మీ డ్రాయింగ్‌లో లేదు కదమ్మా. గోడకు ఆనిస్తే జారి పడేది, పిల్లలకు తగులుతుందని ఎవరో తీసేశారు."

అంత మంది విద్యార్థుల ముందు ఆ మాట వినడం నాకు కష్టంగానే అనిపించింది. కానీ ఆయన్నే తర్వాతి నెల స్టూడియోకు పిలిచాను, మిగతా అతిథులకు ఇచ్చే గౌరవ పారితోషికమే ఇచ్చాను. ఆయన రెండు గంటలు మాట్లాడారు. సెన్సర్ల మీద టేపు ఎందుకు అంటిస్తారో, ఫిల్టర్ మార్చడానికి నిచ్చెన వేసే చోటు లేకపోతే ఏమవుతుందో, వాన నీటి ట్యాంకు మూత ఒక్క మనిషి ఎత్తలేనంత బరువుంటే దాన్ని ఎవరూ ఎందుకు శుభ్రం చేయరో చెప్పారు. ఆ ఏడాది పిల్లల డ్రాయింగుల్లో కర్రకు కొక్కెం, నిచ్చెనకు చోటు, మూతకు పిడి కనిపించాయి. నా ఎనిమిదేళ్లలో నేను చూసిన అన్నిటికన్నా నిజమైన మార్పు అది.

ఇది నా ఒక్కదాని సమస్య కూడా కాదు. బ్రిటన్‌లో 1995 నుంచి 2002 దాకా ప్రోబ్ పేరుతో వాడుకలో ఉన్న బిల్డింగులను పరిశీలించి, ఫలితాలను అందరూ చదివేలా ప్రచురించారు. డిజైన్‌లో అనుకున్నదానికంటే అసలు ఇంధన వాడకం ఎక్కువగా ఉండటం, కంట్రోళ్లు వాడేవాళ్లకు అర్థం కాకపోవడం అందులో పదేపదే బయటపడ్డాయి. కాబట్టి మీ అతిథుల జాబితాలో డిజైనర్లు మాత్రమే ఉంటే సగం అనుభవం గుమ్మం బయటే ఆగిపోయినట్టు. ఎస్టిమేషన్ చేసేవాళ్లు, సైట్ సూపర్‌వైజర్లు, మరమ్మతు చేసేవాళ్లు కూడా ప్రొఫెషనల్సే.

మీ విద్యార్థులు ప్రొడక్ట్ డిజైన్ వాళ్లైనా పద్ధతి ఇదే. మా కాలేజీలో ఆ విభాగం వాళ్లు ఒక డిజైనర్‌నీ సర్వీస్ టెక్నీషియన్‌నీ ఒకే రోజు పిలిచారు. బ్యాటరీని జిగురుతో అంటించాలా, విప్పగలిగేలా పెట్టాలా అన్నది అక్కడ తేల్చాల్సిన నిర్ణయం. జిగురుకు డిజైనర్ దగ్గర నిజమైన కారణాలున్నాయి: పలచదనం, నీరు దూరకపోవడం, అసెంబ్లీ లైన్‌లో సమయం. టెక్నీషియన్ పాత పరికరం ఒకటి అక్కడే విప్పి చూపించారు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వంటి కొన్ని వస్తువులకు మరమ్మతు స్కోరు 10కి ఎంతో ప్రకటించాల్సి వచ్చింది. విప్పడం ఎంత తేలిక, విడిభాగాలు దొరుకుతాయా, వాటి ధరెంత వంటివి అందులో లెక్కకొస్తాయి. ఆ ప్రశ్నలతోనే పిల్లలు తమ పాత పరికరాలకు స్కోర్లు వేశారు.

ఒక జాగ్రత్త. అనుభవం అన్నిసార్లూ మంచి గురువు కాదు. "ఇవన్నీ వినడానికి బాగుంటాయి, మార్కెట్‌లో కుదరవు" అనే అతిథి ఒక్కరు చాలు, సెమిస్టర్ మొత్తం నీరుగారిపోతుంది. నాకు అలా రెండుసార్లు జరిగింది. అలాంటప్పుడు అతిథితో వాదనకు దిగకుండా, ఆయన చెప్పిన దాన్నే లెక్కగా మార్చండి. ఎన్నాళ్లలో కుదరదు? ఎవరి ఖాతాలో కుదరదు? ఒక వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణం మీద పడే భారాన్ని లెక్కించే లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్‌కు ఐఎస్ఓ 14040 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఫంక్షనల్ యూనిట్ అనే భావన ఉంది, దాన్ని పిల్లలకు తప్పక నేర్పండి. 1 లీటరు పెయింటును ఇంకో 1 లీటరు పెయింటుతో పోల్చి లాభం లేదు. 1 చదరపు మీటరు గోడను 20 ఏళ్లు కాపాడటానికి ఏది ఎన్నిసార్లు వేయాలో పోల్చాలి. "కుదరదు" అన్న మాట చాలాసార్లు మొదటి ఏడాది లెక్క. కొన్నిసార్లు అతిథి చెప్పిందే నిజమని తేలుతుంది, దాన్నీ పిల్లలు చూడాలి.

మార్కుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రతి అతిథి క్లాసు తర్వాత పిల్లలు ఒక పేజీ ఉత్తరం రాయాలి. ఆ నిర్ణయం తీసుకున్న క్లయింటుకో కాంట్రాక్టరుకో, వాళ్లు పట్టించుకునే విషయాలతో, కనీసం ఒక లెక్కతో. పర్యావరణం అన్న పదం వాడకుండా రాయమంటాను. సెమిస్టర్ మార్కుల్లో 30 శాతం ఈ ఉత్తరాలకే. జ్యూరీలో వాళ్ల సొంత డిజైన్‌లోనూ ఒక నిర్ణయం మీద బడ్జెట్ కోత పెట్టి, అక్కడికక్కడే నిలబెట్టుకోమంటాం. మొదట్లో పిల్లలకు బాగా టెన్షన్, రెండోసారికి సర్దుకుంటారు.

ఐదుగురు అక్కర్లేదు. వచ్చే సెమిస్టర్‌కు ఇద్దరు చాలు, ఒక డిజైనర్, ఆ డిజైనర్ కట్టినదాన్ని రోజూ చూసుకునే మనిషి ఒకరు. వీలైతే ఇద్దరూ ఒకే బిల్డింగ్‌కో ఒకే వస్తువుకో చెందినవాళ్లై ఉండాలి. ముందు మెయింటెనెన్స్ మనిషితో మాట్లాడండి. ఏ నిర్ణయం గురించి డిజైనర్‌ను అడగాలో ఆయనే చెబుతారు.