నలభై దినాల గృహకూటాలు నడపబోతున్న అమ్మాయికి

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మీ పేట సంఘంలో ఈ ఏడు లెంటులో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాల్లో, ఇంటింటా ప్రార్థనకు పెట్టే గృహకూటాలు నడిపే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పగానే సంతోషించాను, ఆ వెంటనే కొంచెం భయమూ వేసింది. ముప్పై ఏళ్లకు పైగా మా స్త్రీల సమాజంలో ఆ పని చేసినదానను గనుక, వాక్యం చెప్పడం కన్న ఇళ్ల వరుస వెయ్యడమే కష్టమని నాకు తెలుసు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని తీరికగా వ్రాస్తున్నాను.

ముందు రోజుల లెక్క. ఈ 2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18న, ఈస్టరు ఏప్రిల్ 5న వచ్చాయి. భస్మ బుధవారం మొదలు ఈస్టరు ముందురోజు వరకు 46 దినాలు. ఆదివారం ప్రభువు లేచిన దినం కాబట్టి ఆరు ఆదివారాలను ఉపవాసపు లెక్కలో చేర్చరు, మిగిలినవి 40. ఏటా ఎవరో ఒకరు ఇది అడుగుతారు, కాబట్టి నోట పట్టుకో. అయితే నలభై రోజులూ నలభై కూటాలు పెట్టి తీరాలన్న పట్టుదల మాత్రం పెట్టుకోకు. మేము మొదట్లో అలాగే పెట్టాము. మూడో వారం వచ్చేసరికి పాస్టరు గారు, నేను, ఆ ఇంటివాళ్లు తప్ప మరెవరూ మిగల్లేదు. ఈ కాలంలో దాళ్వా చేను పొట్ట మీద ఉంటుంది, కాలువ నీరు వంతులవారీగా వస్తుంది, కౌలు చేసుకునే మగవాళ్లు రాత్రిళ్లు బోదె గట్ల మీదే ఉంటారు, కొందరికి రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటుంది, మార్చిలో పిల్లలకు పదో తరగతి పరీక్షలు ఉంటాయి. సోమ, బుధ, శుక్రవారాలు మాత్రమే పెట్టుకుంటే శుభ శుక్రవారం ముందు బుధవారానికి 19 సాయంత్రాలు వస్తాయి, అవి చాలు. కూటం గంటకు మించనియ్యకు, పరీక్షల రోజుల్లో మైకు పెట్టనివ్వకు.

ఇక ఇళ్ల వరుస. ఎవరి ఇంట్లో మొదటి కూటం, ఎవరి ఇంట్లో చివరిది అన్న దాని మీద కలిగే అలకలు నీవు ఊహించలేవు. దానికి తోడు ఫలహారాల పోటీ. మా పేటలో టీతో మొదలైనది మరుసటి ఏటికి టీ, బిస్కెట్లయింది, ఆ తరవాత ఉప్మా, ఆ పై ఏడు ఒకరింట్లో కేకు ముక్క, అరటిపండు, బూందీ పొట్లం. అది చూసిన కూలి ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే ‘మా ఇంట్లో ఈసారి కుదరదమ్మా’ అని తప్పుకున్నారు. ప్రభువు శ్రమలు ధ్యానించడానికి కూడినవాళ్లం ఉప్మాలో జీడిపప్పు లెక్క పెట్టుకుంటున్నామని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ తరవాత ఒకటే నియమం పెట్టాము: ఏ ఇంట్లోనైనా మంచినీళ్లు, లేదా పల్చటి మజ్జిగ, అంతే. దీన్ని మొదటి ఆదివారమే పాస్టరు గారి చేత గుళ్లో చెప్పించు. నీవే చెబితే, పెట్టగలిగినవాళ్లు నీ మీదికి వస్తారు.

వరుసలో నేను చేసిన తప్పు కూడా చెబుతాను. పేట చివర మురుగుకాలువ గట్టు మీద ఒంటరిగా ఉండే ఒక ఆమె ఇంటిని, ముందు మాట ఇచ్చి కూడా, ఒక ఏడు తీసేశాను. ఇల్లు చిన్నది, ముప్పై మంది పట్టరన్నది నాకు నేను చెప్పుకున్న కారణం. ఆ వాకిట్లో బురద తొక్కాలన్నది చెప్పుకోని కారణం. ఆమెకు కబురు చేయడం కూడా మరిచాను. ఆ సాయంత్రం మేము పాట పాడుకుంటూ వేరే ఇంటికి పోతూ ఆమె వాకిలి దాటాము. యూరియా సంచులు విప్పి కుట్టిన పట్టా పరిచి, స్టూలు మీద తెల్లగుడ్డ వేసి, దాని మీద బైబిలు, ఒక గాజుగ్లాసులో నాలుగు బంతిపూలు పెట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది. ఏమీ అనలేదు. పట్టా మడిచి లోపల పెట్టి, మా వెనకాలే కూటానికి వచ్చి, చివర కూర్చుంది. నీవు వరుస వేసేటప్పుడు పేట చివరి నుంచి మొదలుపెట్టు.

కూటంలో నీవు అన్నిటికన్న జాగ్రత్తగా వినవలసినది ప్రార్థనలను. కళ్లు మూసుకున్నాక ఎదుటివారిని దెప్పడం చాలామందికి అలవాటు. ‘ప్రభువా, అప్పు తీసుకొని ఎగ్గొట్టేవారి మనసు మార్చు’ అని ఒకామె ప్రార్థిస్తే, డ్వాక్రా వాయిదా కట్టలేకపోయిన ఇంకొకామె మూడు కూటాలు మానేసింది. అలాంటి వేళ వెంటనే పాట ఎత్తుకో, తరవాత విడిగా మాట్లాడు. మత్తయి 5వ అధ్యాయంలో, కానుకను బలిపీఠం ఎదుటనే విడిచి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాటే ఈ నలభై దినాల పని అని నా అభిప్రాయం. ఉపవాసాలు, పాటలు, కూటాలు దానికి సాయం. నీటి వంతు దగ్గర పారలెత్తుకున్న ఇద్దరు అన్నదమ్ములను మేము ఒక లెంటులో కలపగలిగాము. కూటానికి పిలిచి అందరి ఎదుట చేతులు కలిపించలేదు. అలా చేస్తే ఆ రాత్రికి కలిసి, తెల్లారి మళ్లీ విడిపోతారు. పాస్టరు గారు ఒక్కరే, తెల్లవారుజామున, ఇద్దరి మడులకూ నీరు పెట్టే ఆ బోదె దగ్గరికే వెళ్లి కూర్చున్నారు. ఒక్కసారి కాదు, అయిదారు సార్లు.

ఉపవాసం గురించి ఎక్కువ వ్రాయను. షుగరు మందులు వాడేవారిని, గర్భిణులను, ఎండలో పనికి పోయేవారిని బలవంతపెట్టవద్దు. చేప మానేసి సీరియలు మానని వాళ్లను మాత్రం కాస్త నవ్వుతూ అడగవచ్చు. ఉపవాసం కన్న పిడికెడు బియ్యం మీద శ్రద్ధ పెట్టు. అన్నం వండే ముందు ఎసట్లోకి పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తే, పిడికిలికి సుమారు 50 గ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండు, నలభై దినాలకు ఇంటికి 4 కేజీలు; 60 ఇళ్లయితే 240 కేజీలు. వారం వారం కొలిచి, పుస్తకంలో వ్రాసి, ఎవరికి ఇచ్చినదీ పేరు చదవకుండా చీకటి పడ్డాక చేరవేయండి. గుళ్లో నిలబెట్టి ఇవ్వడం, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం నాకు బొత్తిగా గిట్టదు.

మన చుట్టాలలో సగం మంది బ్రదరెన్ సంఘాలవారు. 1836లో బౌడెన్, బీర్ దొరలు వచ్చి మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషను నాటి నుంచి మన నరసాపురం, పాలకొల్లు ప్రాంతమంతా వాళ్ల కూడికలు ఉన్నాయి. వాళ్లు లెంటు పాటించరు. వాదానికి దిగకు, వస్తే చాప వెయ్యి. మార్చి 19న ఉగాది కూడా ఈ దినాల్లోనే పడింది. పక్కింటివారు పచ్చడి పంపితే తీసుకోవాలా అని నిన్ను అడుగుతారు. విగ్రహాలకు అర్పించినవాటిని తినడం గురించి పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు చదువుకొని ఎవరి మనస్సాక్షి వారు చూసుకోమను. నేనైతే తీసుకుంటాను, గిన్నె ఖాళీగా తిప్పి పంపను.

శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు వరకు, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. మాటకు 15 నిమిషాలు చొప్పున 105 నిమిషాలు, మిగిలిన గంటంబావు పాటలకు, ప్రార్థనలకు. ప్రసంగికులకు రెండు వారాల ముందే చెప్పు, గడియారం ఎదురుగా పెట్టు. తల్లిని శిష్యునికి అప్పగించిన మూడో మాటను ఒక స్త్రీకి ఇప్పించు. మన పేటల్లో తల్లులు కువైట్‌లో పని చేస్తుంటే అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు, ఆ మాట ఆ అమ్మమ్మలలో ఎవరైనా చెబితే సంఘం వినే తీరే వేరుగా ఉంటుంది. ‘దప్పిగొనుచున్నాను’ అన్న అయిదో మాట వేళకు ఏప్రిల్ ఎండలో రేకుల కింద అందరి నోళ్లూ ఎండి ఉంటాయి. మజ్జిగ కుండలు అప్పుడు బయటికి తేనివ్వకు, మూడు దాటాక పంచండి.

మొదటి కూటం ఎవరి ఇంట్లో పెట్టావో నాకు ఫోను చేసి చెప్పు. బుధవారం ఏడున్నర దాటాక చెయ్యి. అంతకు ముందు మా కూటం ఉంటుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ