మానేసినవన్నీ మళ్లీ తినడం గురించి అమ్మలుకి

అమ్మలూ,

నీకు క్రోన్స్ (పేగుల్లో వాపు తెచ్చే దీర్ఘకాలపు జబ్బు) అని తేలినప్పటి నుంచి ఒక్కొక్కటే మానేస్తూ వచ్చి, ఇప్పుడు నాలుగైదు పదార్థాలతోనే రోజులు గడుపుతున్నావని మీ అమ్మ చెప్పింది. మనసు చివుక్కుమంది. ఇరవై రెండేళ్ల క్రితం నేనూ అచ్చం ఇదే చేశాను. ముద్ద దిగగానే కడుపు మెలిపెడుతుంటే దేన్ని ముట్టుకోవాలన్నా భయమేస్తుంది మరి. పాలు, గోధుమ, పప్పులు, పళ్లు, చివరికి గుడ్లు కూడా మానేశాను. ఆరు నెలల్లో 9 కిలోలు తగ్గాను. జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

పేగులో వాపును అదుపులో పెట్టేది మందు. తిండి దానికి తోడు. పిల్లల్లో క్రోన్స్‌కి 6 నుంచి 8 వారాలు ప్రత్యేక ద్రవాహారం ఒక్కటే ఇచ్చి వాపు తగ్గిస్తారు, నిజమే. కానీ అది డాక్టర్ దగ్గరుండి చేసే వైద్యం. కాస్త బాగుందని నువ్వు మందు ఆపకు తల్లీ.

జబ్బు తిరగబెట్టిన రోజుల్లో తొక్కలు, గింజలు తీసేసి, మెత్తగా ఉడికించినవే కొంచెం కొంచెంగా ఐదారు సార్లు తిను. విరేచనాలు ఎక్కువైతే ఓఆర్‌ఎస్ తాగు. నెమ్మదించాక కూడా అదే తిండి మీద ఉండిపోవడమే మనం చేసే పొరపాటు. పేగు ఎక్కడైనా సన్నబడిందేమో మాత్రం ముందే డాక్టర్‌ని అడుగు. సన్నబడితే పీచు అడ్డం పడే ప్రమాదం ఉంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఏం తిన్నావు, ఎంత, ఎలా వండినది, తర్వాత కడుపు ఎలా ఉంది, రాత్రి నిద్ర పట్టిందా, టెన్షన్ ఏమైనా ఉందా, అన్నీ రాయి. నా పుస్తకంలో "ఆపిల్ పడలేదు" అని మూడు చోట్ల ఉండేది. ఓసారి తీరిగ్గా వెనక్కి తిప్పి చూస్తే, మూడుసార్లూ తొక్కతో, పచ్చిగా, పరగడుపున తిన్నాను. తొక్క తీసి, చెంచా గుచ్చితే దిగిపోయేంత మెత్తగా ఉడికించి రెండు చెంచాలు తిన్నాను. ఏమీ కాలేదు. మర్నాడు నాలుగు చెంచాలు. ఆ వారం చివరికి సగం పండు. నువ్వూ అంతే, ఒకసారికి ఒక్క పదార్థమే, మూడు రోజులు చూసి మరోటి. పాలు పడకపోతే పెరుగు ప్రయత్నించు, చాలామందికి పడుతుంది.

గ్యాస్, ఉబ్బరం వచ్చిన ప్రతిసారీ జబ్బు తిరగబెట్టిందని బెంబేలెత్తకు. వాపు ఉందో లేదో మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చాలావరకు చెబుతుంది. చిన్న పేగు చివర వాపుంటే విటమిన్ బీ12 ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చు. దాంతోపాటు ఐరన్, విటమిన్ డి కూడా చూపించుకో. నొప్పులకి ఇబుప్రొఫెన్ సొంతంగా వేసుకోకు.

రక్తం పడినా, జ్వరం వచ్చినా, విరేచనానికి రాత్రుళ్లు మెలకువ వస్తున్నా ఏం తిన్నానా అని పుస్తకం వెతుకుతూ కూర్చోకు, డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

మానేసినవాటిలో నీ నాలుక దేనికోసం ఎక్కువ కొట్టుకుంటోందో దానితోనే మొదలుపెట్టు. డాక్టర్ సరేనంటే సోమవారం పొద్దున రెండు చెంచాలు తిని, నోట్‌బుక్ మొదటి పేజీ ఫొటో తీసి నాకు పంపు. చూసి ఫోన్ చేస్తాను.

మీ పెద్దమ్మ