చిన్నాకి మామయ్య రాసేది

ఒరేయ్ చిన్నా,

కాకినాడ జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ బ్రాంచి, అదే ఈసీఈలో సీటు వచ్చిందని అమ్మ చెప్పగానే ఆఫీసంతా చాటుకున్నాను. సాయంత్రానికి ఇంకో కబురు. నువ్వు అది వదిలేసి ఏదో ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్, అదే సీఎస్ఈకి వెళ్తానంటున్నావట, బావ రోడ్డు పక్క అరెకరం బేరం పెట్టాడట. రాత్రి నిద్ర పట్టలేదురా.

సీఎస్ఈని తీసిపారెయ్యను, ఆ ఉప్పే తింటున్నాను. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్ ఒక వరసలో చదివితే మేలే. కానీ పెద్ద సర్వీసు కంపెనీలు క్యాంపస్‌కి వస్తే చాలావరకు అన్ని బ్రాంచీల వాళ్లనీ పరీక్షకి రానిస్తాయి. ముందు అడిగేది మార్కుల శాతం, బ్యాక్‌లాగ్‌లు, అంటే తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు. పైగా 2024లో ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ బాగా నడిచే కాలేజీలకు సీట్ల పరిమితి ఎత్తేసింది. సీఎస్ఈ సెక్షన్లు పెరిగాయి సరే, పాఠం చెప్పేవాళ్లు దొరకొద్దూ?

నాకు భయమంతా అప్పంటేనే. 2009లో ఎస్సార్ నగర్‌లో నా రూమ్మేట్ ఒకడుండేవాడు. ఇలాగే పొలం పోగొట్టుకుని, పైన అప్పు చేసి సీఎస్ఈ చదివాడు. బయటికొచ్చేసరికి అమెరికాలో మాంద్యం, ఇక్కడ జనవరిలో సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల గొడవ. ఫ్రెషర్లని పలకరించే దిక్కు లేదు. పొద్దున మైత్రీవనం దగ్గర జావా క్లాసు, రాత్రయితే ఇంటి నుంచి ఫోను: "ఏరా, ఇంకా రాలేదా?" ఇంకో ఏడాది ఆగితే వచ్చేదే. వడ్డీ ఆగదుగా! మూడేళ్లు పనిచేసినట్టు కాయితాలు కొన్నాడు. ఉద్యోగమొచ్చింది, స్వీట్లు పంచాడు. కొన్నాళ్లకి వెరిఫికేషన్‌లో దొరికిపోయాడు. మెళ్లో ఐడీ కార్డు తీయించి, సెక్యూరిటీని తోడిచ్చి గేటు దాటించారు. ఆ తర్వాత కూడా రోజూ బూట్లు పాలిష్ చేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు. మాకే చాన్నాళ్లు తెలీలేదు. ఇప్పుడైతే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు, యూఏఎన్‌తో పీఎఫ్ లెక్కలు చూస్తే ఎక్కడ ఎన్నాళ్లు చేశావో బయటపడుతుంది. వాడు మొద్దబ్బాయి కాదురా. నాకు డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ నేర్పింది వాడే.

క్లాసులో అందరూ అటే పోతున్నారని నువ్వూ పోతావా, తిక్క సన్నాసీ? ఈసీఈలో చేరు. ఎన్‌పీటీఈఎల్ అనే వెబ్‌సైట్‌లో ఐఐటీ మాస్టార్ల పాఠాలు ఊరికే దొరుకుతాయి. డేటాబేస్‌ల సబ్జెక్టు డీబీఎంఎస్, నెట్‌వర్క్స్ చూడు. సి ప్రోగ్రాములు చేత్తో రాయి. ఏఐ చేత రాయించుకున్నా, ఇంటర్వ్యూలో ఈ లైను ఎందుకని అడిగితే చెప్పగలగాలి. సర్క్యూట్లంటే నీకు నిజంగానే పడకపోతే నాతో చెప్పు, కూర్చుని ఆలోచిద్దాం.

జేఎన్‌టీయూలో రిపోర్టింగ్ గడువు దాటనివ్వకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ప్రైవేటు కాలేజీకీ ఇవ్వకు, మళ్లీ రాబట్టుకోవడం గగనం. బావతో నేను మాట్లాడతాను. లాప్‌టాప్ నేను కొంటాను. అమ్మకి మాత్రం చెప్పకు, ఎందుకురా ఖర్చని నన్ను తిడుతుంది.

మామయ్య