ఇంజనీరింగ్, డిగ్రీ విద్యార్థులకు సుస్థిరత గురించి ఎంత తెలుసో ఒకే బిట్ పరీక్షతో కొలవొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చేలోగా అన్ని బ్రాంచీల పిల్లలతో సస్టైనబిలిటీ (సుస్థిరత) మీద ఒకే ఆన్‌లైన్ పరీక్ష రాయించమని మీ ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) అడుగుతోంది. ఆ స్కోరు నిజంగా ఏమైనా చెబుతుందా, లేక న్యాక్‌కు చూపించే ఏడో క్రైటీరియన్ (విలువలు, మంచి పద్ధతుల అంశం) ఫైల్లో పెట్టుకోవడానికేనా అని మీ అనుమానం.

నేను హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మన కాలేజీల్లో ఈవీఎస్ (పర్యావరణ పాఠం) ఎవరి నెత్తిన పడుతుందో మీకు తెలిసిందే. కెమిస్ట్రీ వాళ్లు, లేకపోతే సివిల్ వాళ్లు. అలా చాలా ఏళ్లుగా ఆ సబ్జెక్టు నాతోనే ఉంది. మీరు అడుగుతున్నలాంటి పరీక్ష రెండుసార్లు పెట్టాను. మొదటిసారి బాగా పనికొచ్చింది. రెండోసారి చెడింది, అదెలా చెడిందో కూడా చెబుతాను.

ముందు సూటిగా నా అభిప్రాయం: పరీక్ష పెట్టండి, కానీ మార్కుల కోసం కాదు. పిల్లలు ఏ తప్పు ఆప్షన్ మీద టిక్ పెట్టారో చూడటానికి పెట్టండి.

రెడీమేడ్ పరీక్షలు ఉన్నాయి. 2012 రియో+20 సదస్సు తర్వాత ఫ్రాన్స్‌లోని కెడ్జ్ బిజినెస్ స్కూల్ చొరవతో మొదలైన సులిటెస్ట్ వాటిలో బాగా తెలిసినది. దాని కోర్ పరీక్షలో 30 ప్రశ్నలు, 30 నిమిషాల టైమ్. ఆ సంస్థే ఈమధ్య టాస్క్ అనే పేరుతో సర్టిఫికెట్ ఇచ్చే పెద్ద పరీక్ష కూడా తెచ్చింది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆస్క్ అనే చిన్న ప్రశ్నావళి తయారుచేశారు. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి గూగుల్ చేసేటప్పుడు తికమక పడొద్దు. ఆస్క్‌లో నాకు నచ్చిందేమిటంటే, వాళ్లు పర్యావరణం ఒక్కటే కాకుండా ఆర్థిక, సామాజిక ప్రశ్నలు కూడా కలిపారు. మనవాళ్లకు సస్టైనబిలిటీ అంటే చెట్లు నాటడం, ప్లాస్టిక్ మానడం, అంతే. కూలి రేటు, కౌలు, అప్పు అందులోకి వస్తాయని చెబితే పిల్లలు నా మొహం వంక అదోలా చూస్తారు.

ఇవన్నీ చూశాక కూడా నేను సొంతంగా 30 బిట్లు రాసుకున్నాను. కారణం ఒక్కటే. ఆ ప్రశ్నలు ప్రపంచం మొత్తానికి రాసినవి. మా పిల్లల బుర్రలో ఏముందో నాకు తెలియాలంటే వాళ్లు తాగే నీళ్ల గురించి అడగాలి.

నీళ్లనే తీసుకోండి. మా దగ్గర ఈవీఎస్ చదివినవాళ్లలో నల్గొండ టెక్నిక్ తెలియనివాళ్లు ఉండరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్ తీసేసే పద్ధతి, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు అభివృద్ధి చేసింది. ప్రతి బిట్ బ్యాంకులో ఉంటుంది. నేనూ పెట్టాను. క్లాసులో దాదాపు అందరూ కరెక్ట్. సంతోషించాల్సిన పనిలేదు. అందరికీ వచ్చిన బిట్టు ఎవరికి తెలుసో ఎవరికి తెలియదో చెప్పదు కదా.

అదే పేపర్లో పది ప్రశ్నల తర్వాత ఇంకొకటి పెట్టాను. ఒక ఊరి బోరు నీళ్ల ల్యాబ్ రిపోర్టు చిన్న టేబుల్‌గా ఇచ్చాను. పీహెచ్ 7.4, ఫ్లోరైడ్ లీటరుకు 2.6 మిల్లీగ్రాములు, ఇంకో రెండు మూడు అంకెలు. ఈ నీళ్లు తాగాలంటే ఆ ఇంటివాళ్లు ఏం చేయాలి అని అడిగాను. ఆప్షన్లు నాలుగు: కాచి చల్లార్చి తాగాలి, గుడ్డతో వడకట్టి తాగాలి, క్లోరిన్ బిళ్ల వేయాలి, వేరే చోటి నీళ్లు తెచ్చుకోవాలి లేదా ఫ్లోరైడ్ తీసే ఫిల్టర్ పెట్టుకోవాలి. సగం మందికి పైగా కాచి చల్లార్చమన్నారు! కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికి పోతుంది? నీళ్లు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. భారతీయ ప్రమాణాల్లో ఫ్లోరైడ్‌కు కోరదగిన పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఈ 1.5 అంకె మళ్లీ అందరికీ కంఠతా వచ్చు. కాచమన్నవాళ్లలో చాలామంది నల్గొండ టెక్నిక్ బిట్టు కరెక్టుగా పెట్టినవాళ్లే. వాళ్లలో ఒకబ్బాయిది మునుగోడు దగ్గర పల్లె. "ఇంట్లో అమ్మ కాచే ఇస్తుంది సార్" అన్నాడు.

ఆ ఒక్క బిట్టు వల్ల తర్వాతి వారం నా పాఠం మారిపోయింది. కాలుష్యం యూనిట్ అంతా పక్కన పెట్టి, కాస్తే పోయేదేమిటి, వడకడితే పోయేదేమిటి, దేనికీ పోనిదేమిటి అని రెండు క్లాసులు చెప్పాను. మొత్తం స్కోరు ఒక్కటే చూసి ఉంటే క్లాసు సగటు 17, పర్లేదు అనుకుని ముందుకు పోయేవాణ్ణి.

రెండో ఉదాహరణలో తప్పు నాది. డ్రిప్ పెట్టడం వల్ల భూగర్భ జలాల వాడకం తగ్గుతుంది, అవునా కాదా అని ఒక బిట్టు రాశాను. కీ: అవును. ఇందులో ఆలోచించాల్సిందేముంది అనుకున్నాను. కీ పెట్టిన రోజు సాయంత్రం అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి స్టాఫ్ రూమ్‌కు వచ్చింది. మొదట మార్కు గురించేమో అనుకున్నాను. "సార్, మాకు డ్రిప్ రాకముందు రెండెకరాలు పారేది. డ్రిప్ వచ్చాక నాన్న నాలుగెకరాలు చీనీ (బత్తాయి) పెట్టాడు. కరెంటు ఎన్ని గంటలుంటే మోటరు అన్ని గంటలు ఆడుతుంది. బోరు అట్లనే ఎండింది" అంది. నేను బోర్డు మీద రాసే సుస్థిర వ్యవసాయం కంటే ఆ నాలుగు మాటల్లో విషయం ఎక్కువుంది. మొక్కకు పట్టే నీళ్లు తగ్గుతాయి నిజమే, కానీ మిగిలిన నీళ్లు నేలలో మిగలవు, ఇంకో ఎకరానికి పోతాయి. ఆర్థికశాస్త్రంలో దీని మీద బోలెడు చర్చ ఉంది. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మసేద్యం ప్రాజెక్టు మొదలైనప్పటి నుంచి డ్రిప్‌కు సబ్సిడీ ఇస్తూనే ఉన్నాం కాబట్టి మన దగ్గర ఇదేమీ కొత్త సంగతి కాదు. నాకే తట్టలేదు.

ఆ రాత్రి ఎక్సెల్ తెరిచి ఆ బిట్టు లెక్క చూశాను. మొత్తం పేపర్లో పైన ఉన్న 27 శాతం మందిని, కింద ఉన్న 27 శాతం మందిని తీసుకుని, ఒక్కో బిట్టుకు రెండు గుంపుల్లో ఎంతమంది కరెక్ట్ పెట్టారో చూడటం పాత పద్ధతి. మంచి బిట్టుకు పైవాళ్లే ఎక్కువమంది కరెక్ట్ పెట్టాలి. నా డ్రిప్ బిట్టుకు రెండు గుంపులకూ తేడా లేదు. అంటే బాగా తెలిసినవాళ్లూ అందులో తప్పుతున్నారు. ఇలా తేడా లేకుండానో తిరగబడో వస్తే ముందు కీని అనుమానించాలి, పిల్లల్ని కాదు. బిట్టు తీసేశాను, అందరికీ ఆ మార్కు కలిపాను. తర్వాత దాన్ని "ఒక పంటకు ఎకరానికి పట్టే నీళ్లు", "ఊరి మొత్తం బోర్లలోంచి తోడే నీళ్లు" అని రెండుగా విడగొట్టి రాశాను. ఇప్పుడది నా పేపర్లో అన్నిటికంటే మొండి ప్రశ్న.

అంకెల గురించి ఒక మాట, ఎందుకంటే మీ ఐక్యూఏసీ వాళ్లు అంకెలే అడుగుతారు. నాలుగు ఆప్షన్లున్న 30 బిట్లకు కళ్లు మూసుకుని టిక్ పెట్టినా సగటున ఏడెనిమిది వస్తాయి. అదృష్టం బాగుంటే పన్నెండు కూడా వస్తాయి. అందుకే నేను ఐదో ఆప్షన్‌గా "నాకు తెలియదు" పెట్టి, అది పెడితే ఏమీ కాదని ముందే చెప్పాను. మనవాళ్లకు ఇది అలవాటు లేదు. చిన్నప్పటి నుంచి "నెగెటివ్ లేదుగా, ఏదో ఒకటి పెట్టెయ్" అనే పెంచాం. పదిమంది కూడా పెట్టరు అనుకున్నాను గానీ, పేరు రాయొద్దు అన్నాక చాలామందే పెట్టారు. ఇంకోటి, ఒకే పిల్లవాడికి మొదట 14, సెమిస్టర్ చివర 16 వచ్చిందంటే అందులో ఏమీ లేదు. ఆ మాత్రం ఊగిసలాట 30 బిట్ల పేపర్లో మామూలే. అదే నూట ఇరవై మంది సగటు రెండు మార్కులు పెరిగితే అది ఉత్త అదృష్టం కాదు. కాబట్టి ఈ పరీక్షతో క్లాసు గురించి చెప్పగలం, ఒక్కో పిల్లవాడి గురించి చెప్పలేం. సర్టిఫికెట్లు ఇవ్వాలన్న ఉబలాటం ఉన్నవాళ్లకు ఈ ముక్క గట్టిగా చెప్పండి.

ఇక రెండోసారి సంగతి. మొదటి ఏడాది సగటు చూసి మా కాలేజీ పెద్దలకు ముచ్చటేసింది. వచ్చే బ్యాచ్‌కు దీన్ని ఇంటర్నల్ మార్కులకు కలుపుదాం, పిల్లలు సీరియస్‌గా రాస్తారు అన్నారు. నేనూ తలూపాను, అది నా పొరపాటు. పాత పేపర్ ఫొటోలు సీనియర్ల ఫోన్లలో ఎప్పటి నుంచో ఉన్నాయట. పరీక్షకు ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో 30 బిట్లూ కీతో సహా తిరిగాయి. సగటు 26 వచ్చింది. విచిత్రం ఏమిటంటే డ్రిప్ బిట్టుకు చాలామంది నేను తీసేసిన పాత కీనే పెట్టారు! రిపోర్టులో మాత్రం బార్ చార్ట్ చూడముచ్చటగా ఉంది: మొదటి ఏడాది 17, రెండో ఏడాది 26. ఆ చార్ట్ ఇప్పటికీ ఎక్కడో ఫైల్లో ఉంది. చూసినప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది.

ఈ సబ్జెక్టుకు ఈ గతి మొదటి నుంచీ ఉంది. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలంది. ఆ కేసు వల్లే యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల కోర్ మాడ్యూల్ తయారుచేసింది. అందులో పరీక్ష పద్ధతి నిజానికి బాగానే ఉంది: చిన్న ప్రశ్నలకు 25, వ్యాసాలకు 50, ఫీల్డ్ వర్క్‌కు 25. ఆ చివరి 25 ఎలా వేస్తున్నామో మన మనస్సాక్షికి తెలుసు. మూసీ మీద సీనియర్ రాసిన రిపోర్టుకు అట్ట మార్చి తెస్తారు, మనం సంతకం పెడతాం. ఇంజనీరింగ్‌లో అయితే జేఎన్టీయూ హైదరాబాద్ ఆర్18 (2018 నాటి సిలబస్ నిబంధనలు)లో ఈవీఎస్‌ను క్రెడిట్ లేని మాండేటరీ కోర్సు చేశారు. క్రెడిట్ లేదంటే పిల్లలు "పాస్ అయితే చాలు సార్" అంటారు. మార్కులు కలిపితే బిట్లు లీకవుతాయి, కలపకపోతే నిద్రపోతారు. ఈ రెంటి మధ్య నాకు దొరికిన దారి ఒక్కటే: పరీక్షకు మార్కులు ఉండవు, పేర్లు ఉండవు, కానీ మరుసటి క్లాసులో ఒక్కో బిట్టుకు క్లాసు ఎలా చీలిందో ప్రొజెక్టర్ మీద చూపిస్తాను. "కాచి చల్లార్చాలి" దగ్గర సగం క్లాసు ఉన్నట్టు తెర మీద కనబడగానే జరిగే గొడవ చూడాలి! ఆ గంటలో నిద్రపోయేవాళ్లు ఉండరు.

భాష సంగతి మర్చిపోవద్దు. మొదటిసారి పేపర్ ఇంగ్లీషులోనే ఇచ్చాను. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంటర్‌జెనరేషనల్ ఈక్విటీ అనే మాట దగ్గరే ఆగిపోయారు. మన పిల్లల కాలానికి కూడా మిగలాలి అన్న మాట వాళ్లకు తెలియక కాదు, ఆ పదం తెలియక. అలాగని పుస్తక తెలుగులో "అంతర్ తరాల సమత" అని పెట్టినా అదే గతి. ఇప్పుడు ప్రతి ప్రశ్న ఇంగ్లీషులోనూ మామూలు తెలుగులోనూ పక్కపక్కన ఇస్తున్నాను. పేపర్ రెట్టింపు పొడవైంది, టైమ్ 45 నిమిషాలు చేశాను.

మీరు పెట్టేటట్లయితే జూలైలో ఒకసారి, సెమిస్టర్ చివర ఒకసారి పెట్టండి. రెండింటిలో పది బిట్లు ఒకేలా ఉంచి మిగతావి మార్చండి. సులిటెస్ట్ లాంటిది వాడినా తప్పులేదు, బయటి వాళ్లతో పోల్చుకోవాలంటే అదే మేలు, కానీ దానితోపాటు మీ జిల్లా బిట్లు ఓ పది చేర్చుకోండి. న్యాక్ వాళ్లకు సగటు బదులు, ఏ బిట్టు తప్పింది, దాని వల్ల పాఠంలో ఏం మార్చాం అన్నది ఒక పేజీ రాసి పెట్టండి. బార్ చార్ట్ కంటే అదే నయమని నా నమ్మకం. మా కాలేజీ వాళ్లు ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

నా బిట్లు కావాలంటే మెసేజ్ చేయండి, పంపిస్తాను. మీ జిల్లా చెబితే నీళ్ల రిపోర్టు ప్రశ్న దానికి తగ్గట్టు మార్చి ఇస్తాను, ఉప్పు నీళ్ల ఊళ్లకు ఫ్లోరైడ్ ప్రశ్న పనికిరాదు. కానీ మీ దగ్గర దీన్ని ఇంటర్నల్ మార్కులకు కలుపుతారో లేదో ముందు చెప్పండి. కలిపేటట్లయితే పంపను.