నిర్మాత కాబోతున్న రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త సీరియల్‌కు రచనతో పాటు నిర్మాణ బాధ్యత కూడా నిన్నే తీసుకోమన్నారనీ, ఏం చేయాలో తోచడం లేదనీ రాశావు. ఒప్పుకో. అయితే టైటిల్స్‌లో రెండుసార్లు పేరు పడుతుందని కాక, రాసిన మాట తెర మీదికి రాసినట్టే వెళ్ళాలని ఒప్పుకో.

అమెరికన్ టెలివిజన్ రచయిత రాడ్ సెర్లింగ్ సంగతి నీవు తెలుసుకోవాలి. 1950లలోనే అతనికి గొప్ప పేరు వచ్చింది. అయినా జాతి వివక్ష గురించి రాసిన స్క్రిప్టులను ప్రకటనదారులకు జంకి గుర్తుపట్టలేనంతగా మార్చేసేవారు. అందుకే 1959లో మొదలైన ‘ది ట్విలైట్ జోన్’ నిర్మాణంలో తానే ముఖ్యుడై, సూటిగా చెప్పనివ్వని మాటలను వింత కథల మాటున చెప్పాడు. ఆ సిరీస్‌లోని 156 ఎపిసోడ్లలో 92 అతనే రాశాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం అతన్ని అనుకరించకు. అంత బరువు మోస్తే ఎంతటి కలమైనా అలసిపోతుంది. ఇతర రచయితలను పెట్టుకో, వారి సంభాషణలన్నీ నీ గొంతులోకి మార్చే చాపల్యాన్ని అదుపులో ఉంచుకో.

నిర్మాతనైన కొత్తలో నేను ‘జోరువాన, వీధి నిండా జనం’ అని అర వాక్యం రాసి నిశ్చింతగా నిద్రపోయాను. మర్నాడు ఆ అర వాక్యానికి అయ్యే ఖర్చు కాగితం మీద నేనే సంతకం పెట్టవలసి వచ్చినప్పుడు, ఆ సన్నివేశం ఒక గదిలో, కిటికీ బయట వినిపించే వాన చప్పుడుతో ఇంకా బాగుంటుందని నాకే తోచింది. డబ్బు లెక్క తెలియడం కథకు చెరుపు కాదు. కానీ షూటింగ్ మొదలయ్యే నాటికి కనీసం పది ఎపిసోడ్ల స్క్రిప్టు చేతిలో లేకపోతే, నిర్మాత తొందరకు రచయిత బలి అవుతాడు. ఆ ఇద్దరూ నీవే కనుక మొరపెట్టుకోవడానికి కూడా ఎవరూ ఉండరు.

రేటింగుల గురించి అడిగావు. అమెరికన్ నిర్మాత నార్మన్ లియర్ ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ అనే హాస్య సీరియల్‌కు తీసిన రెండు పైలట్లను, అంటే నమూనా ఎపిసోడ్లను, ఒక టీవీ నెట్‌వర్క్ కాదంది. 1971 జనవరిలో మరొక నెట్‌వర్క్‌లో ప్రసారమైనప్పుడు కూడా మొదట ఆదరణ అంతంతమాత్రమే. తరువాత అదే వరుసగా అయిదు సీజన్లు అగ్రస్థానంలో నిలిచింది. కాబట్టి తొలి వారాల అంకెలు చూసి పాత్రల స్వభావాలు మార్చకు.

చివరగా హక్కులు. సెర్లింగ్ తన సిరీస్‌లోని వాటాను నెట్‌వర్క్‌కు అమ్ముకున్నాడు. పునఃప్రసారాల మీద వచ్చిన ఆదాయం దానితోనే చేజారింది. నీ ఒప్పందంలో పునఃప్రసారం, ఇతర భాషల్లో పునర్నిర్మాణం గురించి ఏం రాశారో చదివావా? సంతకం పెట్టే ముందు ఆ పేజీలు నాకు పంపు.