కిటికీ అద్దానికి బయటి వైపు చెమ్మ: అన్నిటికీ కాక కొన్నిటికే ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: కొత్తగా డబుల్ గ్లేజింగ్ కిటికీలు (రెండు అద్దాలు, మధ్యలో ఖాళీ ఉండేవి) పెట్టించారు. తెల్లవారేసరికి కొన్నిటి అద్దాలకు బయటి వైపు నీళ్లు పట్టి ఉంటున్నాయి, పాత వాటికి ఎప్పుడూ ఇలా లేదు, సరుకు నాసిరకమా అని. కాదండీ. మా ఇంట్లోనూ పాత సింగిల్ అద్దాలు తీసేశాకే ఇది మొదలైంది. బిగించినతను చూసి "సీల్ పోయినట్టుంది" అని టెన్షన్ పెట్టాడు. సీల్ అంటే ఆ రెండు అద్దాల అంచులను గాలి చొరకుండా మూసి ఉంచేది. అది పోతే చెమ్మ రెండు అద్దాల మధ్య చేరుతుంది, ఎటు నుంచి తుడిచినా పోదు. బయట వేలితో గీస్తే గీత పడుతోందంటే సీల్ మీద అనుమానం అక్కర్లేదు.

అసలు సంగతి అద్దం ఎంత చల్లబడింది అన్నదే. బయటి గాలిలో ఉన్న తేమ ఫలానా ఉష్ణోగ్రత దగ్గర నీరుగా మారుతుంది, దాన్నే డ్యూ పాయింట్ అంటారు. గాలి 25 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే అది సుమారు 21 డిగ్రీలు. అద్దం అంతకంటే చల్లబడితే బొట్లు కడతాయి.

మరి గాలి 25 దగ్గరుంటే అద్దం అంతకన్నా చల్లగా ఎలా అవుతుంది? చాలామంది ఇక్కడే తికమక పడతారు. మబ్బులేని రాత్రి ఆకాశం చాలా చల్లన. దానికి ఎదురుగా ఉన్న ప్రతి వస్తువూ తన వేడిని పరారుణ కిరణాల రూపంలో పైకి వదిలేస్తూ గాలికంటే చల్లబడుతుంది. విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు రాత్రిపూట గడ్డి మీద మంచు బిందువులు పట్టడానికి కారణం ఇదేనని 1814లోనే వివరించాడు. పాత సింగిల్ అద్దమూ ఇలాగే వేడి వదులుతుంది, కానీ గదిలోంచి వేడి దానికి చేరుతూ ఉంటుంది కాబట్టి అంత చల్లబడదు. కొత్త కిటికీలో మధ్యనున్న ఖాళీ, లో-ఈ పూత (వేడిని బయటికి పోనివ్వని, కంటికి కనిపించనంత పల్చటి పూత) కలిసి ఆ వేడిని ఆపేస్తాయి. అంటే బయటి చెమ్మ, కిటికీ తన పని తాను చేస్తోందనడానికి గుర్తు.

కొన్నిటికే ఎందుకంటే, అన్ని కిటికీలూ ఆకాశాన్ని ఒకేలా చూడవు. మా మేడ మీద తెరిపిగా ఉన్న కిటికీకి పడుతుంది, సన్‌షేడ్ కింద ఉన్నదానికి పడదు. రెండూ ఒకే రకం. చెట్టు కింద పెట్టిన కారు పొద్దున పొడిగా, ఆరుబయట పెట్టింది తడిసి ఉండటం చూసే ఉంటారు, ఇదీ అదే. మబ్బు పట్టినా, గాలి వీచినా ఆ రాత్రి చెమ్మ కనిపించదు.

ఏసీ వల్ల పట్టే చెమ్మ వేరు. ఉక్కపోత రోజుల్లో, బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు డ్యూ పాయింట్ 26 దాకా వెళ్తుంది. ఏసీ గాలి నేరుగా తగిలే అద్దం తేలిగ్గానే ఆ 26 కంటే చల్లబడిపోతుంది. ఈ చెమ్మకు రాత్రే కానక్కర్లేదు, సింగిల్ అద్దానికీ పడుతుంది.

రెండిట్లో మీది ఏదో మరక ఆకారమే చెబుతుంది. డబుల్ గ్లేజింగ్‌లో మధ్యభాగం తడిసి అంచులు పొడిగా ఉంటే ఆకాశం పని. అంచుల్లో ఫ్రేము ద్వారా లోపలి వెచ్చదనం బయటి అద్దానికి కాస్త చేరుతుంది, అందుకే అక్కడ పట్టదు. అంచుల్లోనే ముందు తడి చేరితే, లేదా ఏసీ గాలి తగిలే మూలనే పడితే ఏసీ పని.

ఇది తేల్చుకోకుండా కర్టెన్ల జోలికి వెళ్లకండి. దళసరి కర్టెన్ వేస్తే ఏసీ చల్లదనం అద్దానికి తగలదు, చెమ్మ తగ్గుతుంది. ఆకాశం వల్ల పట్టే చెమ్మ మాత్రం అదే కర్టెన్‌తో కొంచెం పెరుగుతుంది, ఎందుకంటే గది వేడి అద్దానికి చేరకుండా అది అడ్డుపడుతుంది. ఏసీ అయితే రెక్కలు అద్దం వైపు కాకుండా తిప్పి, ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు పెంచి చూడండి. ఫ్రేము చెక్కదైతే అడుగున నీళ్లు నిలవకుండా తుడవాలి, లేదంటే రంగు లేచిపోతుంది.

ఆకాశం వల్లయితే నేనేమీ చేయను. ఎండ తగిలాక కాసేపట్లో అదే ఆరిపోతుంది. పొద్దున్నే బయటికి చూడాల్సిన కిటికీ ఒక్కటుంటే దానికి వైపర్ చాలు, డబ్బులు పెట్టి మళ్లీ అద్దాలు మార్చొద్దు.